కథ చెప్పే నోరు ఎవరిది? తెర మీది స్టువర్టుపురం గురించి

బాపట్ల దగ్గర స్టువర్టుపురం అనే ఊరుంది. తెలుగువాళ్లలో ఆ పేరు విననివాళ్లు తక్కువ. వెళ్లి ఆ ఊరు చూసినవాళ్లు ఇంకా తక్కువ. చూడని ఊరు ఇంతమందికి ఎలా తెలిసింది? సినిమాల వల్ల, నేరవార్తల వల్ల. 1991 ఒక్క ఏడాదిలోనే ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. మొదటి రెండు పేర్లు చూడండి. ఊరి పేరు పక్కన ఒకసారి పోలీస్ స్టేషన్, ఇంకోసారి దొంగలు. ఆ ఊళ్లో బడి ఉందని, పొలం పనికి పోయేవాళ్లు, చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్లు ఉన్నారని ఏ పోస్టరూ చెప్పలేదు. ఇది చిన్న విషయం కాదు. కాలేజీలో చేరిన పిల్లను ‘మీదే ఊరు?’ అని అడిగితే జవాబు చెప్పడానికి వెనకాడే పరిస్థితి ఇలాంటి పేర్ల వల్లే వస్తుంది.

ఆ సినిమాల్లో పాటలు బాగున్నాయా, ఫైట్లు బాగున్నాయా అన్నది ఈ వ్యాసానికి అక్కర్లేదు. మనకు కావలసింది ఒక్క ప్రశ్న: ఆ కథను ఎవరి నోటితో చెబుతున్నారు? ఎరుకల వాళ్ల గురించి తెల్లదొరల కాలంలో పుస్తకాలకెక్కిన మాటల్లో చాలాభాగం పోలీసు అధికార్లు చెప్పినవే. వందేళ్లు దాటాక తెర మీద ఆ కథ చెబుతున్నది కూడా పోలీసే. మధ్యలో చట్టం రద్దయింది గానీ చెప్పే నోరు మారలేదు. ఆ నోరు మార్చడానికి మనలాంటి సముదాయాలు చేసిన పని చాలా ఉంది. సినిమాలు వదిలేస్తున్నది సరిగ్గా దాన్నే.

ముందు ఈ ముద్ర ఎక్కడ పుట్టిందో చూద్దాం.

ఎరుకల వాళ్లను తమిళ ప్రాంతంలో కొరవలు, కురవర్లు అంటారు. మహారాష్ట్రలోని కైకాడీలు వీళ్ల బంధు తెగే. మన దగ్గర ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల, కరివేపాకు ఎరుకల అని శాఖలున్నాయి. ఇవన్నీ పనుల పేర్లే. ఉప్పు మోసి అమ్మినవాళ్లు, వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు అల్లినవాళ్లు, నేతగాళ్లకు కుంచెలు కట్టి ఇచ్చినవాళ్లు, కరివేపాకు అమ్మినవాళ్లు. ఆడవాళ్లు ఊరూరా తిరిగి ఎరుక చెప్పేవాళ్లు. జనం పెట్టుకున్న ఈ పేర్లలో ఒక్కదానిలోనూ దొంగతనం లేదు.

తీరం నుంచి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకోవడం వీళ్ల పెద్ద వ్యాపారం. పంతొమ్మిదో శతాబ్దంలో ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం బిగిసింది. రైలు వచ్చింది. వ్యాగన్లలో ఉప్పు పోతుంటే గాడిద మీది ఉప్పును అడిగేవాళ్లు తగ్గారు. 1876–78 కరువు నడ్డి విరిచింది. 1882 మద్రాసు అడవి చట్టంతో మేతకు, వెదురుకు అడ్డం పడింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో కొరవల వ్యాపారం ఎలా కూలిందో, ఆ తర్వాత వాళ్ల మీద నేరముద్ర ఎలా పడిందో వివరంగా చూపించారు. వ్యాపారం కోసం తిరిగే జనాన్ని, వ్యాపారం పోయాక ‘ఊరికే తిరిగే జనం’గా చూశారు. ఊరికే తిరిగేవాడు దొంగ అయి ఉండాలన్నది సర్కారు లెక్క.

ఆ లెక్కకు చట్టం రూపం 1871లో వచ్చింది. దాని పేరు నేరస్త తెగల చట్టం. మొదట ఉత్తర భారతంలో పెట్టారు. 1911లో కొత్త చట్టం తెచ్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు, అలాగే దొంగ కొడుకు దొంగ అవుతాడు అన్నది దాని వెనకున్న వాదన. ఒక తెగను నేరస్త తెగ అని ప్రకటిస్తే చాలు, అందులో పుట్టినవాళ్లను ఏ నేరమూ రుజువు కాకుండానే రిజిస్టరులోకి ఎక్కించవచ్చు. వేలిముద్రలు తీసుకోవచ్చు. హాజరు వేయించుకోవచ్చు. పాసు లేకుండా ఊరు దాటితే శిక్షించవచ్చు. మనిషి చేసిన పనిని వదిలి మనిషి పుట్టుకను శిక్షించడమే జాతి వివక్ష. తెల్లవాళ్లు నల్లవాళ్ల మీద చేసిందే జాతి వివక్ష అని మన పాఠాల్లో చదువుకుంటాం. ‘దొంగజాతి’ అనే మాటలోని ‘జాతి’ కూడా ఆ కోవలోదే. పుట్టుకను బట్టి బుద్ధి ఉంటుందన్నదే రెండు చోట్లా నమ్మకం.

ఇప్పుడు పుస్తకాల సంగతి. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాష్ట్రంలోని ‘నేరస్త వర్గాల’ మీద ఒక పుస్తకం రాశాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి. మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతుల లెక్క తేల్చవచ్చని నమ్మినవాడు. అందులో కొరవల గురించి పొడవైన భాగం ఉంది. అందులో చాలా సంగతులు పోలీసు అధికార్ల రాతల నుంచి తీసుకున్నవే. ఆచారాలు, పెళ్లిళ్లు, దేవతల పక్కనే దొంగతనాల పద్ధతులు ఉంటాయి. ఈనాటికీ ఎరుకల మీద పరిశోధన చేసే విద్యార్థి లైబ్రరీకి వెళ్తే చేతికి వచ్చే మొదటి పుస్తకాల్లో ఇదొకటి. అందుకే టీచర్లు గమనించాలి. పోలీసు నోటి మాట మానవశాస్త్రం అట్ట వేసుకుని మన దగ్గరికి వస్తోంది.

స్టువర్టుపురం 1913లో పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు ఇచ్చారు. ఆ సంస్థకు ఇండియాలో పెద్ద అయిన బూత్ టక్కర్ నేరాన్ని రోగంలా నయం చేయవచ్చంటూ, ఆ వైద్యానికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు కూడా పెట్టాడు. కావలి, కప్పరాళ్లతిప్ప, సిద్ధాపురంలో కూడా ఇలాంటి సెటిల్‌మెంట్లు వచ్చాయి. స్టువర్టుపురం వాళ్లను చీరాలలో పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. పాసు లేకుండా కదలలేని జనం కంపెనీకి చవకగా, నమ్మకంగా దొరికే కూలీలు. ‘సంస్కరణ’ అనే మాట వెనక ఈ కూలి లెక్క కూడా ఉంది. ఈ చట్టాన్ని జనం నోరు మూసుకుని భరించలేదు కూడా. 1920 ఏప్రిల్ 3న మదురై దగ్గర పెరుంగామనల్లూరులో కళ్లర్లు వేలిముద్రలు ఇవ్వబోమని ఎదురుతిరిగితే పోలీసులు కాల్పులు జరిపి చాలామందిని చంపారు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త దినంగా జరుపుకుంటాం. కానీ దాని వెంటే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. పోలీస్ స్టేషన్‌లో చూపు మారలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. తరగతిలో ఏ పిల్లవాడో తప్పకుండా అడుగుతాడు: మరి అక్కడ దొంగతనాలు జరగలేదా? జరిగాయి. కొందరు చేశారు, కేసులయ్యాయి, జైళ్లకు వెళ్లారు. దాన్ని దాచనక్కర్లేదు. బ్యాంకులు ముంచినవాళ్లు ఏదో ఒక కులంలో పుట్టినవాళ్లే. వాళ్ల కులం పేరుతో, ఊరి పేరుతో సినిమా రాదు. వాళ్ల ఊరి పిల్లలను హాస్టల్లో వస్తువు పోగానే మొదట వెతకరు. తేడా నేరంలో లేదు, నేరాన్ని ఎవరి ఖాతాలో రాస్తున్నారు అన్నదాంట్లో ఉంది.

ఇప్పుడు ‘టైగర్ నాగేశ్వరరావు’ దగ్గరికి వద్దాం. 1980లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన మనిషి జీవితం ఆధారంగా తీశామని చెప్పిన సినిమా ఇది. 1991 నాటి పేర్లతో పోలిస్తే ఇది ఒక అడుగు ముందుకు వేసింది. నాయకుడిని మొదట క్రూరుడిగా చూపించి, తర్వాత అతను అలా ఎందుకయ్యాడో చెబుతుంది. ఊరిని వాడుకున్న పెద్దలను, పోలీసులను కూడా చూపిస్తుంది. స్టువర్టుపురంలో 1970ల నుంచి పనిచేసిన హేమలతా లవణం పాత్రను పెట్టింది. ఇంతవరకూ మంచిదే.

కానీ ఆ కథను చెప్పేది ఎవరు? ఢిల్లీలో ఒక పెద్ద అధికారి అడుగుతుంటే, ఒక పోలీసు అధికారి చెబుతాడు. నాయకుడి తల్లి చెప్పదు. ఊరి ముసలివాళ్లు చెప్పరు. మనిషిని మొదట పోలీసు ఫైలుగా చూసి, ఆ తర్వాతే మనిషిగా చూస్తాం. ముల్లాలీ రాసిన చోటునుంచే కథ మొదలవుతోంది. ఇంకొకటి. ఊరిలో రెండు రకాల మనుషులే ఉంటారు. ఒక గొప్ప దొంగ, అతని చుట్టూ దిక్కులేని జనం. తమ పిల్లల చదువు కోసం తామే తిరిగినవాళ్లు, కేసుల కోసం కోర్టు మెట్లెక్కినవాళ్లు, కుల సంఘం పెట్టినవాళ్లు లెక్కలోకి రారు. మార్పు తెచ్చేది బయటి నుంచి వచ్చిన మంచి మనిషో, లోపలి నుంచి పుట్టిన వీరుడో. హేమలత, లవణం చేసిన పనిని గౌరవించాలి. ఆ పనికి చేయి కలిపిన ఎరుకల ఆడవాళ్లు, మగవాళ్లు లేకపోతే అది ఒక్క రోజు కూడా నడిచేది కాదని కూడా చెప్పాలి. సినిమా ఆ రెండో మాట చెప్పదు.

అసలు నాటకం తెర బయట జరిగింది. సినిమా విడుదలకు ముందే టీజర్‌లోని మాటలు తమను కించపరుస్తున్నాయని ఎరుకల వాళ్ల తరఫున ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. కోర్టు నిర్మాతకు నోటీసు ఇచ్చింది. 1991లో రెండు సినిమాల పేర్లను భరించిన జనం 2023లో ఊరుకోలేదు. ముప్పై ఏళ్లలో వచ్చిన మార్పు ఇది. ఈ మార్పు మీద ఎవరైనా సినిమా తీస్తే చూడాలని ఉంది.

‘జై భీమ్’ సంగతి వేరు. 2021 నవంబరులో వచ్చిన ఈ తమిళ సినిమాను తెలుగులో కూడా చాలామంది చూశారు. దర్శకుడు జ్ఞానవేల్. 1993లో తమిళనాడులో జరిగిన లాకప్ మరణం, దాని మీద లాయరు చంద్రూ నడిపిన హెబియస్ కార్పస్ కేసు దీనికి ఆధారం. మొదటి సన్నివేశం మన టీచర్లందరూ చూడాల్సింది. జైలు నుంచి విడుదలై వచ్చేవాళ్లను గేటు దగ్గర కులం అడుగుతారు. కొందరిని ఇంటికి పంపుతారు. కొందరిని పక్కన నిలబెట్టి, తేలని కేసులు మీద వేయడానికి మళ్లీ పోలీసులకు అప్పగిస్తారు. నేరస్త తెగల చట్టం పోయిన తర్వాత కూడా అది ఎలా బతికి ఉందో ఆ కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది. నాకు తెలిసిన ఏ తెలుగు సినిమా ఇంత సూటిగా చూపించలేదు.

ఇంకో సన్నివేశం కూడా చెప్పుకోవాలి. నిండు గర్భిణి సెంగేణిని పోలీసులు తిప్పలు పెడతారు. పైనుంచి ఫోను రాగానే జీపులో ఇంటి దగ్గర దింపుతామంటారు. ఆమె ఎక్కదు. రోడ్డు మీద నడిచిపోతుంటే జీపు వెనక వస్తుంది. అక్కడ లాయరు లేడు, ఉపన్యాసం లేదు. ఆమె నడకే జవాబు. కేసు వదులుకుంటే డబ్బు ఇస్తామన్నప్పుడు కాదనేది కూడా ఆమే.

అయినా రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, ఆమె నడక తర్వాత సినిమా మళ్లీ లాయరు చేతికి వెళ్లిపోతుంది. ఇరుళర్లను దెబ్బలు తినే ఒళ్లుగానే ఎక్కువసేపు చూస్తాం. ఆ హింసను అంతసేపు చూపించడం అవసరమా? చూసే మన పిల్లలకు భయం పెరుగుతుందా, ధైర్యం పెరుగుతుందా? తరగతిలో చూపించే టీచరు ముందే ఆలోచించాలి. రెండోది, అసలు కేసులోని కుటుంబం ఇరుళర్లది కాదు. కురవ సముదాయానిదని పత్రికల్లో వచ్చింది. అంటే మన ఎరుకల వాళ్ల బంధు తెగ. అడవి అంచున పాములు, ఎలుకలు పట్టి బతికే ఇరుళర్ల మీద ప్రేక్షకుడికి జాలి సులువుగా కలుగుతుంది. ‘నేరస్త తెగ’ అని పేరు పడ్డ కురవల పేరు చెబితే అదే ప్రేక్షకుడు ‘నిజంగా దొంగతనం చేశారేమో’ అనుకుని ఉండేవాడేమో. పేరు ఎందుకు మార్చారో తీసినవాళ్లకే తెలియాలి. ఫలితం మాత్రం ఒకటే: ముద్ర పడ్డవాళ్లకు తమ కథలో కూడా చోటు దొరకలేదు. ఇరుళర్ల బాధ తక్కువది కాదు. కానీ ఒకరి కథను ఇంకొకరి పేరు మీద చెబితే ఇద్దరికీ అన్యాయమే.

మరి మన నోటితో చెప్పిన కథలు లేవా? ఉన్నాయి. లక్ష్మణ్ మానే మరాఠీలో రాసిన ‘ఉపరా’ కైకాడీ మనిషి ఆత్మకథ. దానికి 1981లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. లక్ష్మణ్ గాయక్వాడ్ రాసిన ‘ఉచల్యా’కు 1988లో వచ్చింది. ఆ పుస్తకం పేరే జనం తిట్టుగా వాడే మాట. గాయక్వాడ్ ఆ తిట్టునే తన పుస్తకం అట్ట మీద పెట్టుకున్నాడు. దొంగతనం గురించి దాచలేదు, కానీ దాని పక్కనే ఆకలినీ పోలీసు మామూళ్లనూ రాశాడు. తెలుగులో పలమనేరు బాలాజీ ‘ఏకలవ్య కాలనీ’లో ఎరుకల జీవితాన్ని లోపలి నుంచి కథలుగా చెప్పాడు. పోలీసు చెప్పే కథలో ఎరుకలవాడు రాత్రిపూట మాత్రమే కనబడతాడు. లోపలివాళ్లు రాసిన కథలో పొద్దున లేచి పనికిపోతాడు, పెళ్లానితో గొడవపడతాడు, పిల్లల ఫీజు గురించి బెంగపడతాడు.

నాటకంలో ఇంతకన్నా గట్టి ఉదాహరణ ఉంది. 1998 ఫిబ్రవరిలో బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఖేరియా శబర్ యువకుడు పోలీసు దెబ్బలు తిని జైల్లో చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. శబర్లు నమ్మలేదు. శవం తగలబడితే సాక్ష్యం పోతుందని బొమ్మను దహనం చేసి, శవాన్ని పూడ్చి దాచారు. వాళ్ల సంఘం, మహాశ్వేతాదేవి కలిసి కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. కోర్టు పోలీసుల మాట నమ్మలేదు. సీబీఐ విచారణకు, భార్యకు పరిహారానికి ఆదేశించింది. ఆ ఏడాదే మహాశ్వేతాదేవి, గణేశ్ దేవీ, లక్ష్మణ్ గాయక్వాడ్ కలిసి విముక్త, సంచార తెగల హక్కుల కోసం ఒక బృందం పెట్టారు. అహమదాబాద్‌లో ఛారానగర్ అనే చోట ఛారా తెగ పిల్లలు ఒక లైబ్రరీ దగ్గర చేరి బుధన్ కథను నాటకం చేశారు. 1998 ఆగస్టు 31న మొదటి ప్రదర్శన ఇచ్చారు. అదే బుధన్ థియేటర్ అయింది. ఛారాల మీద కూడా దొంగముద్ర ఉంది, ఛారానగర్ కూడా సెటిల్‌మెంట్ నుంచి వచ్చిందే. బెంగాల్ శబర్ కథలో గుజరాత్ ఛారా తన కథ చూసుకున్నాడు. అక్కడ లాయరు హీరో లేడు. శవాన్ని దాచిన ఊరు, కోర్టుకు వెళ్లిన సంఘం, వీధిలో ఆడిన పిల్లలు ఉన్నారు.

రాత కూడా పోరాటమే అనడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి. జైళ్లలో కులాన్ని బట్టి పని పంచుతున్నారని జర్నలిస్టు సుకన్యా శాంత 2020లో రాసింది. తర్వాత ఆమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 అక్టోబర్ 3న కోర్టు ఆ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. సంచార తెగలవాళ్లకు పారిపోయే స్వభావం పుట్టుకతోనే ఉంటుందన్నట్టు రాసిన పశ్చిమ బెంగాల్ జైలు నియమం కూడా అందులో ఉంది. విముక్త జాతులవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పింది. 1871 నాటి ఊహ 2024 దాకా జైలు పుస్తకాల్లో అచ్చులో ఉందన్నమాట.

టీచర్లకు ఒక మాట. ఇలాంటి సినిమా మీద పిల్లలతో మాట్లాడేటప్పుడు ‘బాగుందా, బాగోలేదా’ దగ్గర ఆగవద్దు. కథ ఎవరు చెబుతున్నారు? మన తెగ మనుషుల్లో ఎంతమందికి పేర్లున్నాయి, ఎంతమంది మాట్లాడుతున్నారు? మార్పు తెచ్చింది ఒక్కరా, పదిమందా? ఆడవాళ్లు ఏ పని చేస్తూ కనబడుతున్నారు? మన భాష ఒక్క మాటైనా వినబడిందా? ఈ ప్రశ్నలు ఎరుకల పిల్లలకే కాదు, కోయ, గోండు, చెంచు, యానాది, లంబాడా పిల్లలకూ పనికొస్తాయి. ప్రతి తెగకూ ఏదో ఒక ముద్ర వేశారు. అమాయకులనో, అడవి మనుషులనో, మత్తులో ఉండేవాళ్లనో.

యువతకు ఒక పని. ఇంట్లో తాతలు, అవ్వలు ఉన్నప్పుడే వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేయండి. సెటిల్‌మెంట్‌లో హాజరు ఎలా వేసేవాళ్లో, పాసు ఎవరిచ్చేవాళ్లో, ఏ వెదురుతో ఏ బుట్ట అల్లేవాళ్లో, ఎరుకల భాషలో దేన్ని ఏమంటారో అడగండి. సెటిల్‌మెంట్ చూసిన తరం దాదాపు అయిపోయింది, వాళ్ల నోటి నుంచి విన్న తరం ఇంకా ఉంది. ఆ మాటలు కాగితం మీదికి వస్తే, రేపు స్టువర్టుపురం మీద కథ రాసేవాడికి థర్‌స్టన్ పుస్తకం, పోలీసు ఫైలు తప్ప వేరే ఆధారం లేదనే సాకు ఉండదు. వచ్చే ఆగస్టు 31న మీ బడిలో, మీ కాలనీలో ఆ రికార్డుల్లోంచి ఒక్కటి వినిపించండి.